మూడో నంబరు ఫ్లాస్కు

వీధి మలుపులో ఇస్త్రీ కొట్టు. పొద్దున్న పదకొండైంది. బల్లకి ఇవతల ఇస్త్రీ చేసే ఆవిడ, అవతల స్టూలు మీద ప్రొఫెసరు.

"ఒక్క చొక్కా కోసం ఇంత దూరం వచ్చారా?"

"దారిలోనే కదా అని ఆగాను."

"ఎక్కడికి దారి? ఈ సందు చివర గోడ తప్ప ఇంకేం లేదు."

"అంటే... ఇటువైపు కొంచెం పనుంది. మీ చేత్తో ఇస్త్రీ చేస్తే మడత నిలబడుతుందని అందరూ అంటుంటేనూ..."

"మీ చేత్తోనా?"

"ఏంటి?"

"మీ ల్యాబ్‌లో ఇరవై రెండేళ్లు గాజుసామాను కడిగాను. ఒక్కనాడు 'మీరు' అన్న పాపాన పోలేదు. 'ఇదిగో, నువ్వే, ఆ బీకర్లు ఇంకా తేలేదా' అనేవారు. ఇవాళ ఏం కొంప మునిగింది?"

"వయసులో పెద్దవారు. మర్యాద ఇవ్వాలి కదా."

"అప్పుడూ మీకంటే ఐదేళ్లు పెద్దదాన్నే. మధ్యలో మీరేమైనా చిన్నవారైపోయారా?"

"మీ నోరు ఏం మారలేదు."

"చేతులు మారాయి. ఆసిడ్ తొట్టి పోయి ఇస్త్రీ పెట్టె వచ్చింది. నోటికి ఎవరూ రిటైర్మెంటు ఇవ్వలేదు. ఏదీ, ఇటివ్వండి చొక్కా. ... ఇది కొత్తది."

"ఒకసారి వేసుకున్నాను."

"కాలరు కింద అట్ట ఉంది. ఇదిగో గుండుసూది. కొత్త చొక్కా విప్పి, నలిపి పట్టుకొచ్చారు. మీరే నలిపారా, దానికీ ఒక మనిషిని పెట్టారా?"

"సాయంత్రం మీటింగు ఉంది. నీటుగా ఉండాలని."

"సరే. ఆ స్టూలుకి ఒక కాలు పొట్టి, అటు వాలకండి. మా ఆయన బట్టల మూటలు ఇవ్వడానికి సైకిలేసుకుని వెళ్లాడు. వచ్చేదాకా మంచినీళ్లు కూడా నేనే ఇవ్వాలి. కావాలా?"

"వద్దు. కంపెనీలో కాఫీ తాగి వచ్చాను."

"ఎలా ఉంది కంపెనీ?"

"బాగుంది. చాలా బాగుంది. మన రసాయనం ఇప్పుడు పెద్ద పెద్ద ఆసుపత్రులు వాడుతున్నాయి. కణితి ఎక్కడిదాకా పాకిందో అక్కడిదాకా ఆకుపచ్చగా వెలుగుతుంది. సర్జను అంతవరకే కోస్తాడు, మంచి కండ జోలికి పోడు..."

"నాకే చెప్తున్నారా? అది వెలిగిన రోజు నేను ఆ గదిలోనే ఉన్నాను."

"అవును. ఉన్నారు. ఉన్నారు కదూ."

"పేపర్లో చూశాను మీ ఫొటో. చేతులు కట్టుకుని, గోడకి ఆనుకుని, ఎటో దూరంగా చూస్తూ. ఎటు చూస్తున్నారు సారూ? అటు క్యాంటీను తప్ప ఏం లేదు కదా."

"ఫొటో తీసేవాళ్లు అలా నించోమంటారు."

"ఫొటో తీసేవాడు చెప్తే మీరు ఏదైనా చేస్తారు. నాకు తెలియదూ."

"అంటే?"

"ఏం లేదు. ఆవిరి కొట్టాలి, చెయ్యి తియ్యండి."

"ఒక్క నిమిషం, ఫోను. ... ఆఁ, చెప్పు. ... ఆఫీసులోనే. ... ఆఫీసులోనే అన్నాగా, మీటింగులో ఉన్నాను. ... లాయరు చేశాడా? ఏమన్నాడు? ... ఆవిడ సంగతి నేను చూసుకుంటాను. ... చూసుకుంటాను అన్నానా? పెట్టెయ్."

"అమ్మగారా?"

"ఆఁ."

"ఇస్త్రీ కొట్టుని ఆఫీసు చేశారు. సంతోషం. బోర్డు రాయించుకుంటాను."

"ఇంట్లో అనవసరంగా కంగారు పడతారని."

"ఎవరి సంగతి చూసుకుంటారు? ఏ ఆవిడ?"

"వేరే విషయం అది. ... మీకు గుర్తుందా, నేను కొత్తగా చేరినప్పుడు ఈ మాత్రం ఇస్త్రీ కూడా ఉండేది కాదు నా చొక్కాలకి."

"ఎందుకు గుర్తులేదు? రెండు ప్యాంట్లు, మూడు చొక్కాలు, తాళం పడని సూట్‌కేసు. మెట్ల కింద గది ఇచ్చారు, కిటికీ లేదు. రసాయనం, జీవశాస్త్రం రెండూ కలిపి చదివి వచ్చిన మేధావి అన్నారు. రసాయనంవాళ్లేమో మీది జీవశాస్త్రం, అటు పొండి అన్నారు. జీవశాస్త్రంవాళ్లు మీది రసాయనం, ఇటు రాకండి అన్నారు. రెంటికీ చెడ్డ రేవడి అయి నా సింకు పక్కన కుర్చీ వేసుకున్నారు."

"మీ జ్ఞాపకశక్తి..."

"'అక్కా, నువ్వు లేకపోతే నాకు ల్యాబే లేదు' అనేవారు. పక్క ల్యాబ్‌వాళ్లు భోజనానికి పోయినప్పుడు వాళ్ల తూకం యంత్రం తెచ్చిపెట్టేదాన్ని, వాళ్లొచ్చేలోగా మళ్లీ పెట్టేసేదాన్ని. దొరికితే నా ఉద్యోగం పోయేది, మీది కాదు."

"నేనేం మర్చిపోలేదు."

"మర్చిపోలేదు. గుర్తుపెట్టుకుని మరీ తీసేశారు. కడిగే మిషను వచ్చింది, ఇక రేపటి నుంచి రానక్కర్లేదన్నారు. అది కూడా మీరు చెప్పలేదు, గుమస్తా చేత చెప్పించారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య."

"అది యూనివర్సిటీ నిర్ణయం. నా చేతుల్లో లేదు."

"మీ చేతుల్లో ఏముండేవి చెప్పండి. తొమ్మిదేళ్లు ఒక్క రసాయనం పట్టుకుని వేలాడారు. వెలుగుతుంది, వెలుగుతుంది అన్నారు. అది వెలగలేదు. ఉడకబెట్టారు, చల్లబెట్టారు, పేరు మార్చారు. వెలగలేదు. మీ వెనక వచ్చినవాళ్లు ప్రొఫెసర్లయ్యారు, మీరు మెట్ల కిందే ఉన్నారు. పిల్లలు వెనకాల 'ఆరిపోయిన దీపం' అనేవాళ్లు మిమ్మల్ని."

"అనేవాళ్లా?"

"మీకు తెలీదా? గోడమీద బొమ్మ కూడా వేశారు. నేనే తుడిచాను."

"పరిశోధన అంటే అంతే. ఓపిక పట్టాలి. పట్టాను కాబట్టే..."

"పట్టారు కాబట్టే వెలిగిందా? వెలిగిన ఏడాదికి ప్రొఫెసరు. మూడో ఏడు డిపార్ట్‌మెంటుకి పెద్ద. ఐదో ఏడు కంపెనీ. తర్వాత పతకం, దానికో శాలువా. పాఠం చెప్పడం వారానికి ఒకరోజు, అదీ కారు నీడలో పెట్టుకునేంతసేపు. తెల్లకోటు ఫొటోలకి తప్ప వేసుకోవడం మానేశారు. మీ కోటు ఉతకడమే లేక నాకు సబ్బు మిగిలిపోయేది."

"ఇప్పుడు ఇవన్నీ..."

"సొమ్మొకడిది, సోకొకడిది."

"ఇదిగో, ఈ మాట. ఈ మాట మీరు బయట ఎక్కడైనా అన్నారా?"

"ఓహో. చొక్కా విషయం ఇప్పుడు బయటికొచ్చింది."

"కాదు, ఊరికే అడుగుతున్నాను. మీకు యూనివర్సిటీ నుంచి ఉత్తరం ఏమైనా వచ్చిందా?"

"ఏ ఉత్తరం?"

"ఇవాళ నాలుగింటికి ఒక కమిటీ కూచుంటోంది. పాత ఉద్యోగుల్ని కూడా కొంతమందిని రమ్మన్నారని విన్నాను. రావాలని రూలేం లేదు. ఇష్టమైతేనే."

"అదా. వచ్చింది. మీ మోచేతి కింద ఉంది చూడండి. వేడి పెట్టె దించుకోవడానికి వాడుతున్నాను. మంచి దళసరి కాగితం వేశారు."

"వెళ్తున్నారా?"

"వెళ్లమంటారా?"

"నేనెలా చెప్తాను. మీ ఇష్టం. ఊరికే మీ మోకాళ్ల గురించి ఆలోచిస్తున్నాను. మూడో అంతస్తు. లిఫ్టు కూడా సరిగా పనిచెయ్యట్లేదు."

"బాగుచెయ్యరా?"

"చేస్తారు. ఇవాళ కుదరదనుకుంటాను."

"పెద్ద ప్రొఫెసరు వచ్చి నా మోకాళ్ల గురించి బాధపడుతున్నాడని చెప్తే మా ఆయన నవ్వి చస్తాడు. ఇరవై రెండేళ్లు ఆ మూడో అంతస్తుకి రోజుకి నాలుగుసార్లు డిస్టిల్డ్ వాటర్ డబ్బాలు మోశాను. అప్పుడు నా మోకాళ్లు ఎవరివి?"

"అంటే వెళ్తున్నారు."

"వెళ్లట్లేదు."

"వెళ్లట్లేదా?"

"కాస్త మెల్లిగా వదలండి ఊపిరి, బొత్తాలు తెగుతాయి."

"కాదు, అదేం కాదు. మీరు ఇబ్బంది పడకూడదనే..."

"మీ కోసం కాదు లెండి, సంబరపడకండి. పిచ్చుక మూలంగా."

"ఏ పిచ్చుక?"

"మీ మీద ఫిర్యాదు పెట్టిన పిల్ల గుర్తులేదా? పిడికెడు మనిషి, గది గదంతా దాని గోలే. ల్యాబ్ అంతా పిచ్చుక అనే పిలిచేవాళ్లం. మీ దగ్గర రీసెర్చి చేసింది."

"ఆ అమ్మాయా. చాలామంది చేశారు నా దగ్గర."

"చాలామంది మీ మీద ఫిర్యాదు పెట్టలేదు కదా. ఉత్తరంలో అంతా రాశారు. నాకూ చదవడం వచ్చు. మీ కొత్త భవనానికి సామాను మారుస్తుంటే పాత బీరువాలో ఆమె నోటుబుక్కు దొరికిందట. ఎవరో పుణ్యాత్ముడు ఆమెకి పంపాడట. ఆ వెలిగే రసాయనం తనే చేశానని, చేసిన రోజుతో సహా అందులో ఉందని, ఇన్నేళ్లూ మీ పేరున తిరుగుతోందని రాసింది. ఇప్పుడేదో బడిలో సైన్సు చెప్తోందట కదా."

"నలభై మూడేళ్లొచ్చి, బడిలో ఆరో తరగతికి అయస్కాంతం చూపించుకునే మనిషి, ఇన్నాళ్లకి వచ్చి నాది అంటే? వచ్చే నెలలో కంపెనీని ఇంకో పెద్ద కంపెనీ తీసుకోబోతోంది. సరిగ్గా ఇప్పుడే నోటుబుక్కు దొరికిందా? డబ్బు కోసం కాకపోతే ఏంటి ఇది?"

"డబ్బు అడగలేదు. మళ్లీ చదవండి కావాలంటే, అక్కడక్కడ మాడింది కానీ కనిపిస్తుంది. కనిపెట్టినవాళ్ల దగ్గర తన పేరు రాయమంది. అంతే."

"అంతేనా? పేరంటే అంతే అంటారా? ఆ పేరు మీదే కదా పదవి, పతకం, కంపెనీ. ఆ ఒక్క పేరు మారిస్తే నేనేంటి? పాతికేళ్ల నా బతుకేంటి?"

"మెట్ల కింద గది ఇంకా ఖాళీగానే ఉందట."

"వెటకారం కాదు. ఆ రసాయనం నాది. నా సీసాలోది, నా చేత్తో పోశాను, శుభ్రమైన ఫ్లాస్కులో పోశాను, వెలిగింది. వందమందికి తెలుసు."

"నా ముందు కూడానా సారూ? నా ముందు కూడా అదే చెప్తారా?"

"ఉన్నదే చెప్తున్నాను."

"అయితే నేనూ ఉన్నదే చెప్తాను, వినండి. బుధవారం. పిచ్చుక వాళ్ల నాన్నకి ఆపరేషను. వెళ్తూ వెళ్తూ మూడో నంబరు ఫ్లాస్కు నా చేతికి ఇచ్చి, 'అక్కా, దీని అడుగున పసుప్పచ్చ పొర ఉంది చూడు, ఆర్నెల్ల కష్టం, దీన్ని మాత్రం కడక్కు, శుక్రవారం వచ్చి తీసుకుంటా' అంది. పైఅరలో బోర్లించి పెట్టాను. గురువారం మీకోసం పత్రికవాళ్లు ఫొటో తియ్యడానికొచ్చారు. మీకోసం కూడా కాదు, పక్కాయన సెలవులో ఉంటే మీ దగ్గరికి పంపారు. చేతిలో ఏదైనా పట్టుకోండి సార్ అన్నాడు వాడు. మీరు తెల్లకోటు తొడుక్కుని, అందిన ఫ్లాస్కు తీసి, మీ వెలగని నీళ్లు అందులో పోసి, ఊదారంగు దీపం కింద పెట్టి నవ్వారు."

"పోశాను. అదే కదా చెప్తున్నాను."

"భగ్గుమని వెలిగింది. ఆకుపచ్చగా. మీరు ఫ్లాస్కు వదిలేసినంత పని చేశారు. ఆ ఫొటోయే కదా ఇప్పుడు మీ కంపెనీ గుమ్మంలో నిలువెత్తున పెట్టుకున్నారు? అందులో మీ మొహం చూస్తే నాకిప్పటికీ నవ్వొస్తుంది. కనిపెట్టినవాడి మొహంలా ఉండదు, దొంగతనానికి వెళ్తే లైటు వేసినట్టు ఉంటుంది."

"ఫ్లాస్కులో ఏమీ లేదు. నేను చూశాను."

"నేను గుమ్మంలోనే ఉన్నాను, చేతిలో ట్రేతో. 'సారూ, ఆ మూడో నంబరు...' అన్నాను. 'ఫొటోకి అడ్డం, పక్కకి జరుగు' అన్నారు. జరిగాను. అయినా ఫొటోలో నా మోచెయ్యి పడింది. తర్వాత అదీ కత్తిరించారు."

"మీరు చెప్పబోయింది నాకు వినపడలేదు."

"వినపడకపోయినా కళ్లున్నాయిగా. సాయంత్రం అందరూ వెళ్లాక సన్న గరిట పట్టుకుని ఆ ఫ్లాస్కు అడుగు గీకుతూ కూచున్నారు. నేల తుడవడానికి వచ్చి చూశాను. గీకినదంతా చిన్న సీసాలోకి ఎత్తి, మీ పేరు రాసి చీటీ అంటించారు. ఏమీ లేని ఫ్లాస్కులో ఏం గీకారు? మా ఇంట్లో అడుగంటిన గిన్నె కూడా అంత శ్రద్ధగా గీకరు."

"మరి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు మీరు?"

"ఎవరడిగారు?"

"అడక్కపోతే చెప్పరా?"

"నేను సెలవు మీద వెళ్లి తిరిగొచ్చేసరికి పిచ్చుక లేదు. మీరేమన్నారు? వేరే చోట మంచి ఉద్యోగం దొరికింది, తనే మానేసి వెళ్లిపోయింది అన్నారు. దానికే అక్కర్లేనిది నాకెందుకు? నా ఫ్లాస్కు ఏదని అడక్కుండా, నన్ను కలవకుండా పోయింది."

"అదీ. అది కదా ఆలోచించాల్సింది."

"ఆర్నెల్లు నా టిఫిన్ డబ్బాలో సగం తిన్న పిల్ల. అక్కా, అక్కా అని కొంగు పట్టుకుని తిరిగేది. దాని పుట్టినరోజుకి నేను అల్లిన స్వెట్టరు ఎండాకాలంలో కూడా వేసుకునేది. పోయేటప్పుడు గుమ్మం దగ్గర నిలబడి 'వెళ్లొస్తా' అన్న మాట అనలేదు. ఒక ఉత్తరం ముక్క రాయలేదు. పద్దెనిమిదేళ్ల తర్వాత సాక్ష్యానికి గుర్తొచ్చానా? మీరు దొంగ అయితే అది విశ్వాసం లేనిది. మీరూ మీరూ తేల్చుకోండి. అందుకే రానన్నాను."

"సరిగ్గా చెప్పారు. చదువుకున్నవాళ్లకి విశ్వాసం ఉండదండీ."

"మీరు మాట్లాడకండి."

"లేదు, మీ మనసు నాకు అర్థమైంది. మీరు రాకపోవడమే మంచిది. ఇంతకీ చొక్కా అయిందా?"

"చొక్కా చేతులు ఇంకా మిగిలాయి. అయినా నేను రాకపోతే ఏమవుతుంది? మీరేం తప్పించుకోలేరు."

"ఎందుకని?"

"మీరే కదా రిజిస్టరు పెట్టించారు. గరిటె కడిగినా సంతకం, గరాటు కడిగినా సంతకం. బయటి దేశంనుంచి ఎవరో వచ్చి మీ ల్యాబ్ మురికిగా ఉందన్నాడని, ఫ్లాస్కులన్నిటికీ నంబర్లు గీయించి, ఏ రోజు ఏది కడిగారో రాయమన్నారు. ఆ పుస్తకం తీస్తే తెలుస్తుంది, మూడో నంబరు ఆ బుధవారం కడగలేదని. నేనెందుకు మెట్లెక్కడం?"

"ఆ పుస్తకం ఎప్పుడైనా మళ్లీ తీసి చూశారా?"

"నేనెందుకు చూస్తాను, రాసింది నేనేగా."

"బుధవారం. మూడో నంబరు. కడిగాను, టిక్కు. ఆరబెట్టాను, టిక్కు. పక్కన సంతకం. నీలం సిరా."

"లేదు."

"ఉంది."

"నేను కడగలేదు. కడగనిదానికి నేనెలా పెడతాను?"

"అదే నేనూ అడుగుతున్నాను."

"మీరు పెట్టారు. దొంగ సంతకం."

"నీ సంతకం నేను పెట్టడం దేనికి? గుర్తుతెచ్చుకో. ఆ వారం సంతకాలు ఎప్పుడు పెట్టావు?"

"ఎప్పుడేంటి, రోజూలాగే... సోమవారం."

"సోమవారం బుధవారానికి ఎలా పెడతావు?"

"చేతులు తడిగా ఉండేవి. గ్లౌజులు విప్పి తొడగడం కుదిరేది కాదు. ఒకసారి పేజీ మీద నీళ్ల మరక పడితే మీరే కసిరారు, ఇది పుస్తకమా, గుడ్డా అని. అందుకని సోమవారం పొద్దున్నే, నీళ్లు ముట్టకముందే, వారానికంతా పెట్టేసేదాన్ని. ఎలాగూ కడిగేవే కదా అన్నీ. ఒక్కటి కూడా వదిలేదాన్ని కాదు."

"ఒక్కటి వదిలావు."

"అది... అది పిచ్చుక వద్దంటే."

"ఆ మాట పుస్తకంలో లేదు."

"మీకు తెలుసా? నేను సోమవారమే పెట్టేస్తానని?"

"ల్యాబ్‌లో ఎవరికి తెలీదు? పది గంటలకి బల్ల దగ్గర నించుని వరసగా కొట్టుకుంటూ పోయేదానివి. టీ తాగుతూ చూసేవాణ్ణి."

"తెలిసే ఊరుకున్నారు."

"చిన్న విషయం అనుకున్నాను. నువ్వూ అలాగే అనుకున్నావు. పొద్దుట్నుంచీ నన్ను దొంగ అంటున్నావు కదా, గురివింద గింజకి తన కింద నలుపు కనపడదు. నేను ఎక్కడా ఒక్క అబద్ధం రాయలేదు. కమిటీ రిజిస్టరు అడిగింది, ఇచ్చాను. అంతే నేను చేసింది."

"ఇవాళ్టి కమిటీయా?"

"ఇవాళ్టిది రెండోది."

"మొదటిదెప్పుడు?"

"అప్పుడే. ఆ అమ్మాయి శుక్రవారం వచ్చి గొడవ చేసింది, ఫ్లాస్కులో నాది ఉందని. తర్వాతి వారం ముగ్గురు కూచున్నారు. నువ్వు లేవు."

"మా పెద్దదాని పురుడు. ఇంకా పది రోజులు టైముందన్నారు డాక్టర్లు. ఆ గురువారం రాత్రి మీరే పిలిచి, 'ఇప్పుడే వెళ్లు, దగ్గరుండి చూసుకో' అని, నేను అడక్కముందే సెలవు చీటీ రాసిచ్చారు. దేవుడిలాంటి మనిషి అని మా ఆయనతో అన్నాను. నా మనవరాలికి పద్దెనిమిది నిండాయి. ఇన్నేళ్లూ ఆ ఒక్క మంచీ చేశారనుకుంటున్నాను."

"నువ్వుండి ఉంటే అనవసరంగా మాటలు పెరిగేవి."

"అంటే పిచ్చుక తనంతట తను మానెయ్యలేదు. చెప్పండి. తీసేశారా?"

"తీసేశారు. గేటు దగ్గర కార్డు కూడా తీసేసుకున్నారు. లోపలికి రానివ్వలేదు."

"నన్ను చూడ్డానికి కూడా రానివ్వలేదు."

"లోపలికే రానివ్వలేదంటుంటే."

"ఫ్లాస్కు నాది అన్నందుకు అంత శిక్షా?"

"అందుక్కాదు. దానికైతే మందలించి వదిలేద్దామనే అనుకున్నారు. నేను కూడా వద్దనలేదు. రిజిస్టరు ముందు పెట్టి, చూడమ్మా, ఇక్కడ కడిగినట్టు సంతకం ఉంది, పొరబడ్డానని రెండు ముక్కలు రాసిచ్చి నీ పని నువ్వు చూసుకో అన్నారు. వినలేదు."

"ఏమంది?"

"ఇప్పుడెందుకు అవన్నీ. చొక్కా ఇచ్చెయ్, వెళ్తాను."

"ఏమంది సారూ?"

"ఈ సంతకం అక్కది కాదు, అంది. అక్క కడక్కుండా సంతకం పెట్టే మనిషి కాదు, ఎవరో దొంగ సంతకం పెట్టారు, అక్కని పిలిచి అడగండి అంది. గంటసేపు అదే పాట, ఏడుపు. ముగ్గురు పెద్దమనుషుల ముందు ఫోర్జరీ జరిగిందంటే ఊరుకుంటారా? ఆ నింద వేసినందుకే పంపించేశారు. నిన్ను అంత గుడ్డిగా నమ్మకపోయుంటే ఇవాళ ఎక్కడో నాలాగా ప్రొఫెసరై ఉండేది, పిచ్చి మొహంది. అందుకే చెప్తున్నాను. నువ్వు వచ్చి నోరు తెరిస్తే ముందు పోయేది నీ పరువే. ఏళ్ల తరబడి దొంగ సంతకాలు పెట్టాను అని నీ నోటితో నువ్వే ఒప్పుకోవాలి. ఈ వయసులో ఎందుకు నీకు? ఇంట్లో కూచో. ... వింటున్నావా?"

"ఆ అమ్మాయి ఇవాళ వస్తుందా?"

"వస్తుంది. ఫిర్యాదు పెట్టింది తనే కదా, రాకేం? నీకెందుకు?"

"నాలుగింటికి మూడో అంతస్తులో ఏ గదిలో?"

"చెప్పానుగా, లిఫ్టు లేదు. నువ్వు రానన్నావు."

"మెట్లెక్కి వస్తాను. ఆ సంతకం నాదేనని ఆ అమ్మాయికి నేనే చెప్పాలి."